శ్రీపాద దారి: కష్టపడి ఎక్కితేనే యాత్రా?

శ్రీలంక మధ్య పర్వత ప్రాంతంలో, దట్టమైన అడవి నడుమ 2,243 మీటర్ల ఎత్తున శ్రీపాద శిఖరం ఉంది. కొనమీది బండలో దాదాపు 1.8 మీటర్ల పొడవున అడుగు ఆకారంలో గుంట కనిపిస్తుంది. అది బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, స్వర్గం నుంచి దిగిన ఆదందని ముస్లింలు నమ్ముతారు. క్రైస్తవుల్లో కొందరు సెయింట్ థామస్ పేరు చెబుతారు. ఈ వాదన తేలేది కాదు, తేలలేదని యాత్ర ఆగిందీ లేదు. అక్కడికి చేర్చే దారి గురించిన ప్రశ్న మాత్రం ఆలోచించదగ్గది.

1344లో ఈ కొండెక్కిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రెండు దారుల గురించి రాశాడు. ఒకటి బాబా దారి, రెండోది మామా దారి. అంటే ఆదందీ, హవ్వాదీ. మామా దారి సులువు, యాత్రికులు దిగేటప్పుడు అటు వచ్చేవారు. ఎక్కేటప్పుడూ అటే వెళ్లినవాణ్ణి యాత్ర చేసినవాడిగా లెక్కపెట్టేవారు కాదట. బాబా దారి నిటారుగా ఉండి ఎక్కడం కష్టం. ఇద్దరూ చేరేది ఒకే పాదం దగ్గరికైతే, ఒకరికి దక్కిన ఫలం ఇంకొకరికి ఎందుకు దక్కదు?

ఆదం కథలో దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన అక్కడ ఒంటికాలిమీద నిలబడి పశ్చాత్తాపపడ్డాడని ఐతిహ్యం. ఆ అడుగు చూడవచ్చినవాడు ఆ బాధలో కొంతైనా పంచుకోవాలన్నమాట. శైవుడు దీన్ని తపస్సుగా అర్థం చేసుకుంటాడు. చిక్కల్లా బౌద్ధంలోనే. బుద్ధుడు ఒంటిని శుష్కింపజేసే సాధనలన్నీ చేసి, ప్రయోజనం లేదని వదిలేశాడు. కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం అన్నాడు. ఆ లెక్కన మోకాళ్ల నొప్పికి దానంతట అదే పుణ్యం రాదు.

అందుకే కాబోలు, బౌద్ధ రాజులు పుణ్యాన్ని మరోచోట వెతుక్కున్నారు. మొదటి విజయబాహువు (1055–1110) ఈ దారుల్లో యాత్రికుల అన్నపానాలకు ఊళ్లు కేటాయించినట్టు అంబగమువ శాసనం చెబుతుంది. కష్టమే పుణ్యమైతే, బాటసారికి అన్నం పెట్టినవాడు అతని పుణ్యానికి గండికొట్టినట్టే! సంప్రదాయం అలా అనుకోలేదు, అదే సబబు. కొండమీద పెత్తనం మాత్రం చేతులు మారింది. 16వ శతాబ్దంలో సీతావక రాజు మొదటి రాజసింహుడు దాన్ని శైవులకు అప్పగిస్తే, 18వ శతాబ్దంలో కాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహుడు భిక్షువులకు తిరిగి ఇచ్చాడు.

నేటి యాత్రాకాలం డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ పౌర్ణమి దాకా. హట్టన్ వైపు నల్లతన్ని నుంచి ఐదు వేలకు పైగా మెట్లు, రాత్రంతా దీపాలు, దారి పొడవునా టీ కొట్లు. రత్నపుర దారి దానికన్నా దూరం, అడవీ ఎక్కువే. బుద్ధుడు చిరిగిన చీవరం కుట్టుకున్నాడని చెప్పే ఇందికటుపాన దగ్గర భక్తులు దారం ఎక్కించిన సూదిని వదిలి ముందుకు సాగుతారు. శిఖరం మీద గంట ఉంది. ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి, తొలిసారి వచ్చినవాడు ఒక్కసారే. ఏ దారిన వచ్చాడన్నది ఎవరూ అడగరు. ఇబ్న్ బతూతా విన్న నియమం ఈ గంటకు వర్తించదు. మళ్లీ మళ్లీ రావడానికే ఇక్కడ లెక్క.