స్టిక్కరు ఆప్తవాక్యమేనా?

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ల్యాప్‌టాపులు అమ్ముతాను. కొత్త మాలు మీద అతికించి వచ్చే స్టిక్కర్లలో పచ్చి అబద్ధం అరుదు. నా పేచీ అక్కడే.

ఒక టెరాబైట్ డిస్కును విండోస్‌లో తెరిస్తే 931 జీబీ చూపిస్తుంది. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కకడుతుంది, విండోస్ 1024 చొప్పున. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. ఇక ఫోన్ డబ్బా మీద ‘8+8 జీబీ ర్యామ్’. రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న చోటు. వేగంలో ర్యామ్ దరిదాపులకు కూడా రాదు. డబ్బా మీద ఓ మూల ఆ సంగతీ రాసే ఉంటుంది. చదవాలంటే మా రిపేరు కుర్రాడి భూతద్దం కావాలి.

మాట నిజమే, విన్నవాడికి అర్థమైంది తప్పు. అప్పుడు పాపం ఎవరి ఖాతాలోకి? మా నాన్నగారు తర్కం చదివినవారు. ఆయన పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. మాట ప్రమాణం కావాలంటే ఆప్తుడు చెప్పినదై ఉండాలంటాడు న్యాయసూత్రాల్లో గౌతముడు. ఆప్తుడంటే ఎవరో వాత్స్యాయనుడు భాష్యంలో విప్పి చెప్పాడు: విషయం స్వయంగా తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా లక్షణం ఇదేనట. (అమ్మకందారులకూ ఆశ ఉందన్నమాట.) మా వ్యాపారంలో తెలివికి లోటు లేదు. ఆ కోరికే స్టాకులో ఉండదు.

2024లో కోపైలట్ ప్లస్ ల్యాప్‌టాపులు వచ్చాక ‘40 టాప్స్’ అనే మాట మొదలైంది. అంటే సెకనుకు నలభై లక్షల కోట్ల లెక్కలు. ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, ‘‘అన్నా, టాప్స్ ఎక్కువున్నది చూపించు’’ అన్నాడు.

‘‘అమ్మాయి ఏం చదువుతోంది సార్?’’

‘‘బీకాం. టాలీ, ఎక్సెల్ నడవాలె.’’

టాప్స్ అనేది ఏఐ పనుల కోసం పెట్టిన విడి భాగం లెక్క. టాలీకి దాంతో పనే లేదు. అదే చెప్పాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు, ఏదో తక్కువరకం అంటగడుతున్నానని.

తెలియని మాటకు దండం పెట్టడం మనకు మంత్రాల దగ్గరే అలవాటైందేమో. కానీ మంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుడి వాదాన్ని యాస్కుడు నిరుక్తంలో కొట్టిపారేశాడు. వేదానికే అర్థం అడిగారు పెద్దలు; స్టిక్కరును అడగడానికి మొహమాటమెందుకు?

ఎదుటివాడు పొరపడుతున్నాడని తెలిసీ నోరు మెదపనివాడి నిజం, నా లెక్కలో అబద్ధమే. షాపుకు వచ్చినప్పుడు ఎన్ని జీబీలు, ఎన్ని టాప్స్ అని అడగకండి. ‘మా పిల్ల చేసే పనికి ఇందులో ఏది అక్కర్లేదు?’ అని అడగండి. నీళ్లు నమిలేవాడి దగ్గర కొనకండి, అది నేనైనా సరే.