మన పేరు మీద చేసిన అప్పు



పన్ను కట్టాలా వద్దా అని పరిసయ్యులు అడిగినప్పుడు (మత్తయి 22) ప్రభువు నాణెం చూపించమన్నారు. చక్రవర్తి వాటా వేరు, దేవుని వాటా వేరు అని తేల్చారు. కాని ఆ పన్నే అన్యాయమని తోస్తే విశ్వాసి ఏం చేయాలి?

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో 1870 ప్రాంతంలో జరిగిన సంగతి వినండి. రైలు వస్తే పంటకు ధర వస్తుందని పల్లెలన్నీ ఆశపడ్డాయి. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా వంటిది. దాని పాలన చూసేవారిని జడ్జీలనేవారు. సెయింట్ క్లేర్ కౌంటీ జడ్జీలు ప్రజల పేరు మీద అప్పు పత్రాలు రాసి రైలు కంపెనీకి ఇచ్చారు. కంపెనీ వాటిని అమ్ముకుంది. ఆ కంపెనీ రైలు మాత్రం రాలేదు. వడ్డీ వచ్చింది!

రైతులు పన్ను కట్టమన్నారు. పత్రాలు కొన్నవారు ఫెడరల్ కోర్టుకు వెళితే, పన్ను వేసి బాకీ తీర్చమని కోర్టు ఆజ్ఞాపించింది. పన్ను వేయమని మాట ఇచ్చినవారినే ప్రజలు జడ్జీలుగా ఎన్నుకున్నారు. వారిలో కొందరు అడవుల్లో దాక్కున్నారు, కొందరు జైలు పాలయ్యారు.

అదే రాష్ట్రంలోని కాస్ కౌంటీలోనూ ప్రజలను అడగకుండా ఇలాంటి పత్రాలే పుట్టాయి. 1872 ఏప్రిల్ 24న గన్ సిటీ దగ్గర ఒక గుంపు రైలు ఆపి ముగ్గురిని కాల్చి చంపింది. వారిలో ఒక జడ్జీ, ఒక వకీలు, ఆ వకీలుకు జామీను నిలిచిన మనిషి ఉన్నారు.

రెండుచోట్లా కోపం ఒక్కటే, దారులు వేరు. ఒకచోట ప్రజల ప్రతినిధులు కష్టాన్ని తమ మీద వేసుకున్నారు. రెండోచోట ఎదుటివారి ప్రాణం తీశారు. అన్యాయాన్ని ఎదిరించడం పాపం కాదు. 13వ లియో పోపుగారు 1891లో రాసిన విశ్వలేఖలో, ప్రభుత్వం మితిమీరి పన్ను లాగితే అది అన్యాయమూ క్రూరత్వమూ అని బోధించారు. కాని హత్య ఏ అన్యాయాన్నీ సరిచేయదు. నమ్మి పత్రాలు కొన్నవారి సొమ్ము సంగతి కూడా మరువరాదు. వారూ మన పొరుగువారే.

నెహెమ్యా కాలంలో ప్రజలు రాజు పన్ను కోసం పొలాలు తాకట్టు పెట్టారు (నెహెమ్యా 5). ఆయన కోపించాడు, కాని కత్తి దూయలేదు. పెద్దలను సభలో నిలదీసి పొలాలు తిరిగి ఇప్పించాడు. అధికారిగా తనకు రావలసిన భత్యం కూడా వదులుకున్నాడు.

మనలో పంచాయితీలో, సహకార సంఘంలో, పొదుపు సంఘంలో, విచారణ కమిటీలో సంతకం చేసేవారు ఉన్నారు. ఆ సంతకం వెనుక ఎన్ని కుటుంబాల కష్టార్జితం ఉందో సంతకానికి ముందే ఆలోచించండి. అందరినీ పిలిచి లెక్క చెప్పండి. సంతకం చేయనివారు లెక్క అడగండి, మర్యాదగా, అందరి ముందు. సకాలంలో అడిగిన ఒక్క ప్రశ్న ఎన్నో ఇళ్లను అప్పు నుండి, ఎన్నో చేతులను రక్తం నుండి కాపాడగలదు.

అలా అడిగే ధైర్యాన్ని, నిజం చెప్పే మనసును ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమెన్.