అన్నం పెట్టే చెయ్యి, పేరు రాసే చెయ్యి

వడ్డాది నుంచి మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే రోడ్డు మనవాళ్లకు కొత్త కాదు. కొండ మీది చింతపండు, పసుపు, అడ్డాకులు దిగేది ఈ దారినే. ఉప్పు, బట్టలు, బడిపుస్తకాలు ఎక్కేదీ ఈ దారినే. ఆమధ్య వడ్డాదిలో టీ తాగుతూ మేం కొందరం ఉపాధ్యాయులం, చదువుకుంటున్న కుర్రాళ్లం గుత్తికోయల గురించి మాట్లాడుకుంటున్నాం. పక్క బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన అంతా విన్నాడు. ఆయనది రావికమతం వైపు కొండమీది ఊరు. చివరికి ఇలా అన్నాడు: "ఏటి మాస్టారూ, మా మనవలకే ఆధార్ లేదు. ఎక్కడినుంచో వచ్చినోళ్లకి కార్డులు ఎవులిస్తారు? ఇస్తే మాకు తగ్గిపోదా?"

మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ మాటను స్వార్థమని కొట్టిపారేయలేం, అలాగని సరేనని ఊరుకోనూ లేం. ఆ రోజు నుంచి మాలో మేం చర్చించుకున్నదే ఈ వ్యాసం.

గుత్తికోయలు అనే పేరు మన తెలుగు నేలమీద పెట్టింది. వారిలో ఎక్కువమంది బస్తరు ప్రాంతపు మురియాలు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు సల్వాజుడుం, పోలీసులు, మరోవైపు మావోయిస్టులు. మధ్యలో ఊళ్లు తగలబడ్డాయి, మనుషులు పోయారు. వేలాది కుటుంబాలు పిల్లల్ని, కోళ్లను, విత్తనాలను మోసుకుని అడవిదారిన అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల వైపు వచ్చేశాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. కానీ వదిలి వచ్చిన ఊళ్లు ఆ తీర్పుతో మళ్లీ నిలబడలేదు.

అంతర్జాతీయ భాషలో వీరు శరణార్థులు కారు. దేశపు సరిహద్దు దాటితేనే శరణార్థి. రాష్ట్రపు సరిహద్దు దాటితే అంతర్గత నిర్వాసితులు. శరణార్థికి 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు. అంతర్గత నిర్వాసితుల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది, అవి చట్టం కావు. కాబట్టి తన దేశంలోనే ఉన్న గుత్తికోయ తల్లికి పౌరసత్వం ఉంది, కానీ ఆ పౌరసత్వాన్ని చూపించే కాగితం లేదు.

మొదట ఆదుకున్నది ఎవరు? చుట్టుపక్కల కోయ గూడేలవారు, మిర్చి తోటల్లో కూలి ఇచ్చిన రైతులు, స్వచ్ఛంద సంస్థలు. దుప్పట్లు, బియ్యం, దోమతెరలు, మందులు అందాయి. ఆ సాయాన్ని తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. అయితే సాయానికి ఒక గడువు ఉంటుంది. ప్రాజెక్టు మూడేళ్లయితే మూడేళ్లే. నాలుగో ఏడు కూడా బిడ్డకు జ్వరం వస్తుంది. అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మేము అడగదలచిన ధర్మప్రశ్న ఇదే. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెడితే మన బాధ్యత తీరిందా? అన్నం పెట్టే చెయ్యి గొప్పది. కానీ ఆ చేతికి ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ కూడా ఉంటుంది. దయ మీద బతికేవాడు దాత ముఖం చూస్తూ బతకాలి, కోపం వచ్చినా నవ్వాలి. రిజిస్టరులో పేరున్నవాడు మాత్రం బియ్యం తక్కువొస్తే తూకం సరిచూడమని అడగగలడు. అన్నం రెండు చోట్లా అన్నమే, మనిషి తల నిలబడే తీరు వేరు. అందుకే సాయం ముగిసేలోగా పేరు రాయించడం కూడా సాయంలో భాగమే. పేరు రాయకుండా వెళ్లిపోయిన సాయం సగంలో ఆగిన వంతెనలాంటిది.

ఇది జరిగే పనేనా అని సందేహించేవాళ్లు విశాఖపట్నం వెళ్లి కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు చూడాలి. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేశాక, తరాలుగా అక్కడ బతికిన తెలుగువాళ్లు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. వారిని కాందిశీకులన్నారు. ప్రభుత్వం శిబిరంతో ఆపలేదు. ఇళ్లజాగాలు, బతుకుదెరువుకు అప్పులు, ఉద్యోగాలు ఇచ్చింది. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవారి కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు అనే సహకార బ్యాంకు పెట్టారు. ఇవాళ బర్మా క్యాంపులో క్యాంపు పేరులోనే మిగిలింది, మనుషులు నగరంలో కలిసిపోయారు. ఓడలో వచ్చినవాడికి చేయగలిగింది అడవిదారిన నడిచి వచ్చినవాడికి ఎందుకు చేయలేకపోయాం? ఈ ప్రశ్న ప్రభుత్వానికే కాదు, మనకూ.

ఇదే చరిత్రలో మనం మరిచిపోకూడని ఇంకో అధ్యాయం ఉంది. తూర్పు బెంగాలు శరణార్థుల కోసం 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టారు. కోరాపుట్, బస్తరు జిల్లాల్లో అడవి కొట్టి భూములిచ్చారు. సర్వం పోగొట్టుకుని వచ్చినవారికి నీడ దొరకడం న్యాయమే. కానీ ఆ భూమి ఖాళీది కాదు. అక్కడ కోయలు, గోండులు, ఇతర ఆదివాసులు ఉన్నారు. వారిని అడిగి ఇచ్చింది కాదు. ఒక నిర్వాసితుడికి చేసిన న్యాయం మరొకడి మీద భారమైంది. పెద్దాయన భయానికి వేరు ఇక్కడుంది. ఆదివాసీకి పంపకం అంటే అనుభవంలో ఎప్పుడూ తన వాటా తగ్గడమే.

చట్టం వేసిన ముళ్లు కూడా చూడాలి. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. ఒక రాష్ట్రంలో తెగగా గుర్తింపు ఉన్నవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా అడగలేరని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబానికి చెందిన ఒక విద్యార్థి మెడికల్ సీటు కేసు. అంటే ఈ ముడి మనవాళ్లకూ తగిలిందే. మన జాబితాలో కోయల ఉపశాఖల్లో గుట్టకోయ అనే పేరు ఉంది. అయినా బస్తరు నుంచి వచ్చినవారిని వలసదారులుగానే చూస్తున్నారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమినే లెక్కలోకి తీసుకుంటుంది. ఇక్కడ తెగగా గుర్తింపు లేకపోతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. నిన్న ఊరు తగలబడి వచ్చినవాడు 75 ఏళ్లు ఎక్కడినుంచి తెస్తాడు?

పోడు గొడవనూ దాచిపెట్టలేం. అడవి నరికారన్న కోపం అటవీశాఖలోనే కాదు, పక్క గూడేల్లోనూ ఉంది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గుత్తికోయల గుడిసెలు కూల్చేశారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి హత్యకు గురయ్యారు. హత్యకు సమర్థన లేదు, చేసినవారికి శిక్ష పడాల్సిందే. కానీ ఒకరిద్దరి నేరానికి తెగ మొత్తాన్ని పొమ్మనడం న్యాయం కాదు. మన పెద్దలనూ ఒకప్పుడు ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టంలో అలాగే కట్టిపడేశారు. పేరు లేనివాడికి పని దొరకదు, పని లేనివాడు అడవి మీద పడతాడు, అడవి మీద పడ్డవాడికి పేరు రాయమంటారు. ఈ గిరగిర ఎక్కడో ఒకచోట ఆగాలి.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాలు నిర్ణయించినప్పుడు రావికమతం, రోలుగుంట, మాడుగుల వైపు కొండల్లోని ఎన్నో గిరిజన గ్రామాలు ఆ గీతకు బయట పడిపోయాయి. అక్కడ 1/70 చట్టం లేదు, పీసా లేదు. కొండమీది కోదుల పిల్లలు కొందరికి పుట్టిన తేదీ కాగితం లేదు, అది లేక ఆధార్ లేదు, అది లేక మిగతావేవీ లేవు. అంటే పెద్దాయన మనవడూ గుత్తికోయ పిల్లవాడూ ఒకే తలుపు బయట నిలబడ్డారు. లోపలున్నవాడు వీరిద్దరినీ ఒకరి వెనుక ఒకరు నిలబడమంటే, ముందెవరు అని వీరే కొట్టుకుంటారు. తలుపు తెరవమని ఇద్దరూ కలిసి అడగడం వేరే సంగతి.

మాకు తోచిన దారి ఇది. ఇచ్చేవాటిని రెండుగా విడదీయాలి. బడి, వైద్యం, అంగన్‌వాడీ, రేషను, కూలిపని మనిషిగా ఉన్నందుకు, ఇక్కడ నివసిస్తున్నందుకు దక్కాల్సినవి. ఇవి ఒకరికిస్తే మరొకరికి తగ్గే పద్ధతిలో ఉండకూడదు. తగ్గుతుంటే తప్పు కేటాయింపుది, వచ్చినవాడిది కాదు. రెండో రకం భూమి, రిజర్వేషను. వీటికి హద్దుంది. ఇవి స్థానిక గ్రామసభ మాట వినకుండా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తన బాధ్యత మోయకుండా తేలకూడదు. లేకపోతే దండకారణ్యం తప్పే మళ్లీ చేస్తాం. అయితే రెండోది తేలలేదన్న సాకుతో మొదటిది ఆపడం మాత్రం అధర్మం.

బయటి దేశాల్లో ఈ తేడాను కొంత గుర్తించారు. ఉగాండా శరణార్థులకు సాగుకు చిన్న చెక్క భూమి ఇచ్చి, వారి పిల్లల్ని దేశపు బడుల్లోనే చేర్చుకుంటోంది. కొలంబియా 2021లో వెనిజులా నుంచి వచ్చినవారికి పదేళ్ల తాత్కాలిక రక్షణ ఇచ్చి పనికి, వైద్యానికి దారి తెరిచింది. అవి ధనిక దేశాలు కావు. అక్కడా కొరతలున్నాయి, గొడవలున్నాయి. అయినా శిబిరాన్ని శాశ్వతం చేయడం కన్నా ఊళ్లో కలుపుకోవడమే మేలని గ్రహించారు.

చివరగా మాతోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనూ చేర్చుకోకుండా పంపకూడదు. ఎప్పుడూ బడి ముఖం చూడని బిడ్డనైనా వయసుకు తగిన తరగతిలో చేర్చాలి. అంటే బిడ్డకు ప్రభుత్వం ఇచ్చే మొదటి కాగితం చాలాసార్లు మన హాజరుపట్టీయే. ఆ ఒక్క వరుస మీద ఆధారపడి తర్వాతి కాగితాలు వస్తాయి. పేరును బిడ్డ పలికినట్టే రాద్దాం, మనకు నోరు తిరగలేదని మార్చొద్దు. యువకులు ఊళ్లో జనన నమోదు దరఖాస్తు నింపడం నేర్చుకుని పదిమందికి నింపిపెట్టినా చాలు.

ఆ పెద్దాయన్ని మళ్లీ కలిశాం. ఆయన మనవల వివరాలు రాసుకున్నాం. దరఖాస్తు నడుస్తోంది. "ఆళ్ల పిల్లలవీ ఇలాగే రాయాలేటి?" అని అడిగాడు. రాయాలన్నాం. కాసేపాగి, "ఐతే రాయండి" అన్నాడు.