నిందితుని పక్షాన నిలబడటం పాపమా?

వకీలు వృత్తిలో ఉన్నవారిని బంధువులు, ఇరుగుపొరుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "దొంగ అని తెలిసి కూడా వాడి తరఫున ఎలా వాదిస్తారు వకీల్ సాబ్? రేపు అల్లాహ్ ముందు ఏం జవాబు చెబుతారు?" సికింద్రాబాద్ తిరుమలగిరిలో మాకు ఈ ప్రశ్న కొత్త కాదు. జుమా నమాజు తరువాత మస్జిదు మెట్ల దగ్గర అడుగుతారు. లాల్‌బజార్ హోటల్లో చాయ్ తాగుతూ అడుగుతారు. వలీమా విందులో పక్కన కూర్చున్నవారు అడుగుతారు. అడిగేవారి ఉద్దేశం చెడ్డది కాదు. హరామ్ సంపాదన ఇంటికి రాకూడదన్న భయం ఆ ప్రశ్న వెనుక ఉంది. కనుక దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా మా దగ్గరకు వచ్చే కేసులు ఎలాంటివో చెప్పాలి. తిరుమలగిరి కంటోన్మెంటు ప్రాంతం. ఒక పక్క సైనికుల క్వార్టర్లు, మరో పక్క ఆర్టీఏ ఆఫీసు, దాన్ని నమ్ముకుని బతికే ఏజెంట్లు, డ్రైవర్లు, మెకానిక్కులు, వాటి మధ్య ఇరుకు గల్లీల్లో అద్దె ఇళ్ళు. ఇలాంటి చోట పత్రికలకెక్కే పెద్ద నేరాలు అరుదు. చెల్లని చెక్కు, తాగి బండి నడపటం, మోరీ నీళ్ళ దగ్గర మొదలై తలలు పగిలేదాకా వెళ్ళిన కొట్లాట, భార్యాభర్తల తగవు, దొంగిలించిన మోటారు సైకిలు. ఇవే మా రోజువారీ కేసులు.

మోటారు సైకిలు కేసునే తీసుకోండి. మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రవాడు కాగితాలు లేని బండిని చవకగా వస్తుందని కొంటాడు. ఆ బండి ఎక్కడో పోయినదని తేలుతుంది. పోలీసులు వచ్చి కుర్రవాణ్ణి తీసుకెళతారు. అతడు దొంగా, దొంగ చేతిలో మోసపోయినవాడా అనేది ఇంకా ఎవరికీ తెలియదు. అది తేలడానికే కోర్టు ఉంది. కానీ గల్లీకి అంత ఓపిక ఉండదు. ఆ సాయంత్రానికే అతడు "దొంగ" అయిపోతాడు. వారం తిరగకుండానే ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయమంటాడు. అక్క నిశ్చితార్థం వాయిదా పడుతుంది. రెండేళ్ళ తరువాత కోర్టు నిర్దోషి అని చెప్పినా, ఆ మాట కోర్టు హాలు దాటి గల్లీదాకా రాదు. తిరుమలగిరిలో 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం కట్టిన మిలటరీ జైలు ఉంది. కోటలా ఉంటుంది. దాని గోడలు కంటికి కనిపిస్తాయి. మన నాలుకలు కట్టే గోడలు కనిపించవు, అంతే తేడా.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ద్రోహుల తరఫున వాదించకూడదని దివ్యఖుర్ఆన్ స్పష్టంగా హెచ్చరించింది. నిసా సూరాలో 105వ ఆయతు నుండి ఈ విషయం వస్తుంది. "చూశారా, మీ వృత్తి గురించే చెప్పారు!" అని కొందరు అంటారు. అయితే ఆ ఆయతులు ఏ సందర్భంలో అవతరించాయో కూడా చూడాలి. వ్యాఖ్యాతలు చెప్పిన ప్రకారం, మదీనాలో ముస్లిం అని చెప్పుకునే ఒక వ్యక్తి ఇనుప కవచాన్ని దొంగిలించి, ఆ నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టాడు. దొంగ తెగవారంతా కూడబలుక్కుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తమవాడు నిర్దోషి అనీ, యూదుడే దొంగ అనీ వాదించారు. అప్పుడు అల్లాహ్ వహీ ద్వారా అసలు సంగతి బయటపెట్టాడు. యూదుడు నిర్దోషి అని తేలింది.

ఈ సంఘటనలో రెండు పాఠాలున్నాయి. అబద్ధానికి వకాల్తా పుచ్చుకోవటం పాపం అనేది మొదటిది. అది మనందరికీ గుర్తుంటుంది. అన్యాయంగా నింద మోస్తున్నవాని పక్షాన, అతడు ఏ మతంవాడైనా సరే, నిలబడటం ధర్మం అనేది రెండవది. దీన్ని మాత్రం మనం మరచిపోతాం. అక్కడ తప్పుపట్టబడినవారు ఎవరు? నిందితుని కోసం మాట్లాడినవారు కారు. తమవాడు కనుక దొంగను వెనకేసుకొచ్చి, నిర్దోషిని ఇరికించినవారు.

కనుక వకీలుకు గీత ఎక్కడుందో తెలుస్తోంది. నేరాన్ని సాక్ష్యాలతో రుజువు చేయమని ప్రభుత్వాన్ని అడగవచ్చు. సాక్షి మాటలో పొసగని సంగతిని ఎత్తి చూపవచ్చు. నిందితుణ్ణి కొట్టకూడదని, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని పట్టుబట్టవచ్చు. తప్పు ఒప్పుకున్నవానికి శిక్ష తగ్గించమని వేడుకోవచ్చు. కానీ లేని సాక్షిని పుట్టించటం, ఉన్న సాక్షిని కొనటం, అబద్ధమని తెలిసిన కథను కోర్టుకు వినిపించటం, దొంగ జామీనుదారులను నిలబెట్టటం హరామే. దీనికి ఫీజు ఎంత ఇచ్చినా అది నిప్పే. వాదనాపటిమతో తన సోదరుని హక్కును తనకు రాయించుకున్నవాడు అగ్ని ముక్కను తీసుకున్నట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉంది. ఆ హెచ్చరిక కక్షిదారునికి ఎంత వర్తిస్తుందో, అతని తరఫున నోరు తెరిచే వకీలుకూ అంతే వర్తిస్తుంది.

మన దేశ చట్టం కూడా ఇక్కడికే వస్తుంది. తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు అరెస్టయిన ప్రతివానికీ ఉందని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. నిందితుడు నేరం చేశాడని వకీలు సొంతంగా అనుకున్నంత మాత్రాన అతణ్ణి వదిలేయరాదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఫలానా నిందితుని కేసు ఎవరూ తీసుకోవద్దని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

"మరి బాధితుల సంగతేమిటి? వారి కన్నీళ్ళు మీకు కనిపించవా?" అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మా దగ్గర కాదు, కూతుర్ని పోగొట్టుకున్న ఒక ముస్లిం తల్లిదండ్రుల దగ్గర ఉంది.

2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా దారుణ హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. కడుపుకోతతో ఉన్న తల్లిదండ్రులకు సమాజం ఒక దోషిని చూపించింది. వారు "వీణ్ణి ఉరితీయండి" అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కానీ వారు అలా అనలేదు. ఈ అబ్బాయి హంతకుడు కాడని, అసలువాళ్ళు వేరే ఉన్నారని మొదటినుంచీ చెబుతూ వచ్చారు. చివరకు 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతని యౌవనంలో 8 ఏళ్ళకు పైగా జైల్లో గడిచిపోయింది. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో ఆ అమ్మాయి సమాధిని తవ్వి మళ్ళీ పరీక్షలు జరిపారు. ఆ తల్లిదండ్రుల మనసు ఎంత నలిగి ఉంటుందో పిల్లలున్న ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది.

న్యాయం కోసం మీకు మీరే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా నిజమైన సాక్ష్యం ఇవ్వండని అదే నిసా సూరా 135వ ఆయతులో ఆదేశం ఉంది. మనం దాన్ని ప్రసంగాల్లో వింటాం. ఆ దంపతులు మాత్రం తమ దుఃఖానికి వ్యతిరేకంగా నిలబడి సాక్ష్యం పలికారు. బాధితులకు కావలసింది ఎవరో ఒకరికి శిక్ష కాదు, నిజమైన దోషికి శిక్ష అని వారు గ్రహించారు. నిరపరాధి జైల్లో ఉన్నన్నాళ్ళూ అసలు దోషిని వెతికేవారు ఉండరు కదా!

ఇదే బాధను హైదరాబాద్ ముస్లిములు సొంతంగా చవిచూశారు. 2007 మే 18న మక్కా మస్జిదులో జుమా రోజున బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. అటుపిమ్మట పదులకొద్దీ ముస్లిం యువకులను పట్టుకెళ్ళారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున వారిని జైల్లో కలిసిన ఒక న్యాయవాది, వారిని హింసించిన ఆనవాళ్ళు ఉన్నాయని నివేదిక ఇచ్చారు. ఆయన ముస్లిం కాదు. నిందితుల మాట వినడానికి జైలుకు వెళ్ళటం ఆయన చేసిన పని. కోర్టులు ఆ యువకులను విడిచిపెట్టాయి. 2012లో ప్రభుత్వం కొందరికి 3 లక్షల రూపాయలు, మరికొందరికి 20 వేలు పరిహారం ఇస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ పేలుడు కేసులో విచారణను ఎదుర్కొన్న మరో ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు రుజువులు లేవని విడుదల చేసింది. మస్జిదులో ప్రాణాలు పోగొట్టుకున్నవారి కుటుంబాలకు జవాబు దొరకలేదు.

ఆ రోజుల్లో మనం ఏమన్నాం? "విచారణ జరగకుండానే మా పిల్లలను ఉగ్రవాదులని ఎలా అంటారు?" అని అడిగాం. సరిగ్గానే అడిగాం. మరి 2019లో మనం ఏం చేశాం?

ఆ ఏడాది నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తెలుగువారందరినీ కలచివేసింది. నలుగురిని అరెస్టు చేశారు. వారి కేసు తీసుకోబోమని షాద్‌నగర్ న్యాయవాదులు ప్రకటించారు. డిసెంబరు 6న తెల్లవారుజామున ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మనలోనూ ఎందరో సంతోషించారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని పేర్కొంది. ఆ నలుగురు నేరం చేశారా లేదా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చలేదు. చేసి ఉంటే చట్టప్రకారం కఠిన శిక్ష పడవలసిందే. మేము అడిగేది ఒక్కటే. మన పిల్లలకు కావాలని కోరుకున్న విచారణ, ఇతరుల పిల్లల విషయంలో అనవసరం ఎలా అయింది? ఇవ్వటానికి ఒక తూకం, తీసుకోవటానికి ఒక తూకం వాడేవారిని ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో మనకు తెలుసు. ఆ ఖండన కిరాణా కొట్టు త్రాసుకు మాత్రమే పరిమితమని అనుకోవద్దు.

సందేహం ఉన్నప్పుడు శిక్షను ఆపాలని ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు సూత్రీకరించారు. పొరపాటున ఒకణ్ణి విడిచిపెట్టటం, పొరపాటున ఒకణ్ణి శిక్షించటం కన్నా మేలని వారు భావించారు. దీన్ని నేరస్థుల మీద జాలిగా అర్థం చేసుకోకూడదు. మనిషి తీర్పు పొరపడవచ్చు, తప్పించుకున్నవాడు కూడా చివరకు తీర్పుదినాన నిలబడక తప్పదు అన్న విశ్వాసం నుండి వచ్చిన జాగ్రత్త ఇది. పరలోకాన్ని నమ్మేవాడు లోకంలోని లెక్కలన్నీ ఈ సాయంత్రమే తేలిపోవాలని తొందరపడడు.

అయితే ఈ బాధ్యత వకీళ్ళది మాత్రమేనా? కాదు. గల్లీలో ఎవరినైనా పోలీసులు తీసుకెళితే ఆ ఇంటివారికి తెలియవలసిన సంగతులు కొన్నున్నాయి. అరెస్టుకు కారణం చెప్పాలి. ఇంటివారికి సమాచారం ఇవ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఫీజు ఇచ్చుకోలేమని భయపడనవసరం లేదు. కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇచ్చే ఏర్పాటు 1987 నాటి చట్టంలో ఉంది. కోర్టులోని న్యాయసేవా సంస్థ కార్యాలయంలో అర్జీ ఇస్తే చాలు.

ఇక జామీను విషయం. బెయిలు వచ్చినా, పూచీ పడే మనిషి దొరక్క చంచల్‌గూడ జైల్లోనే ఉండిపోయే పేదవారున్నారు. అద్దె ఇంట్లో ఉండేవాడు ఇంటి పన్ను రసీదు ఎక్కడినుంచి తెస్తాడు? పేదవాని స్తోమతకు మించిన జామీను అడగటం అన్యాయమని 1978లోనే సుప్రీంకోర్టు ఒక తాపీ పనివాని కేసులో అన్నది. అయినా నేటికీ ఈ కష్టం తీరలేదు. మస్జిదు కమిటీల్లో ఉన్న పెద్దలు, సొంత ఇళ్ళున్నవారు తమకు బాగా తెలిసిన పేద కుటుంబాల కోసం ముందుకు రాకూడదా? అప్పుతో చనిపోయిన వ్యక్తి బాకీకి తాను పూచీ అని ఒక సహాబీ ముందుకు వచ్చాకే దైవప్రవక్త (స) అతని జనాజా నమాజు చేయించారని హదీసులో ఉంది. పూచీ పడటం మన ధర్మంలో అంత విలువైన పని. అయితే కోర్టు వాయిదాకు ఆ మనిషిని హాజరుపరచే బాధ్యత కూడా దానితోపాటే వస్తుందని మరవరాదు.

దౌర్జన్యం చేసే సోదరునికి కూడా సహాయం చేయమని, అంటే అతణ్ణి దౌర్జన్యం నుండి ఆపమని దైవప్రవక్త (స) బోధించారు. మన ఇంటి కుర్రవాడే తప్పు చేసి ఉంటే అతణ్ణి దాచటం, సాక్షులను బెదిరించటం సహాయం కాదు. పోయిన సొమ్ము తిరిగి ఇప్పించటం, బాధితుణ్ణి క్షమాపణ కోరేలా చేయటం, కోర్టులో నిజం చెప్పించటం సహాయం. పొరుగింటి కుర్రవాని మీద నింద పడితే తీర్పు వచ్చేవరకు నోరు కట్టుకోవటం, ఆ ఇంటి తల్లికి సలాం చెప్పటం మానకపోవటం కూడా సహాయమే. దీనికి వకీలు పట్టా అక్కర లేదు.

మనవారి విషయంలోనూ, పరాయివారి విషయంలోనూ ఒకే తూకంతో న్యాయంపై స్థిరంగా నిలబడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.