ఓర్చుకోవడమే ప్రేమా?

ఈ వారం వీడియోలో గీత ఆరో అధ్యాయం గురించి మాట్లాడుకున్నాం కదా. కెమెరా ముందు చెప్పలేకపోయిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. నా భార్య చదివి, సరే అన్నాకే పెడుతున్నాను.

తనకి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉంది. అది ఇంట్లో ఎలా ఉంటుందో చెప్తాను. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ట్రాఫిక్‌లో గంట లేటు. ఇంటికొచ్చి చార్జర్ పెడితే 30 మిస్డ్ కాల్స్. మొదటి మెసేజ్ "ఎక్కడున్నావ్?" చివరిది "నువ్వూ వదిలేశావు కదా, ఇంక రావద్దు." పొద్దున నేను దేవుణ్ని, రాత్రికి రాక్షసుణ్ని. ఇంకో గంటకి నా ఒళ్లో తల పెట్టి ఒకటే ఏడుపు. నాటకం అనుకోకండి. మనవాళ్లు వదిలేసి వెళ్లిపోతారన్న భయం ఈ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటి. నాకు అది గంట ఆలస్యమే. తనకి ఆ గంటలో ఇల్లే కూలిపోయింది.

పెద్దవాళ్లు శని ప్రభావం అన్నారు. తైలాభిషేకం చేయించాం. చేయించినందుకు బాధ లేదు. అది చాలనుకుని డాక్టర్ దగ్గరికి ఏడాది ఆలస్యంగా వెళ్లామే, అదీ బాధ.

ఆ ఏడాదంతా నేను చేసింది ఒక్కటే, అన్నిటికీ "సరే" అనడం. ఫ్రెండ్స్‌ని కలవడం మానేశాను. అరిస్తే తల వంచుకున్నాను. ఇదే ఓర్పు, ఇదే ధర్మం అనుకున్నాను. లోపల మాత్రం పద్దు రాసుకుంటూనే ఉన్నాను. చివరికి తనే అంది: "నువ్వు అన్నిటికీ సరే అంటుంటే ఇంకా భయమేస్తోంది. నాతో ఉన్నావో, నన్ను భరిస్తున్నావో తెలియట్లేదు."

ఆ మాట తర్వాతే ఆరో అధ్యాయం నాకు అర్థమైంది. మనసు చంచలం, గాలిని పట్టుకున్నంత కష్టం అంటాడు అర్జునుడు. కృష్ణుడు మందలించడు. నిజమే, కష్టమే అని ముందు ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే దారి చెప్తాడు: అభ్యాసం, వైరాగ్యం.

ఈ జబ్బుకి బాగా పనిచేసే వైద్యాల్లో ఒకటి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. దాన్ని తయారుచేసిన అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినెహాన్, చిన్న వయసులో తానూ ఇలాంటి బాధతోనే ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటికి చెప్పారు. ఆ వైద్యం పద్ధతీ ఇంతే. బాధ నిజమని ఒప్పుకోవాలి, మారడానికి రోజూ సాధన చేయాలి. రెండిట్లో ఏది వదిలేసినా కుదరదు.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని మాటలున్నాయి. లేటైతే ముందే చెప్తాను. అరుపులు మొదలైతే "20 నిమిషాల్లో వస్తా" అని చెప్పి బాల్కనీలోకి వెళ్తాను. చెప్పినట్టే తిరిగొస్తాను. తను థెరపీ మానదు. ఆ 20 నిమిషాలు మొదట్లో తనకి నరకం. నేను తిరిగి రావడం వందసార్లు చూశాక కొంచెం నమ్మకం కుదిరింది. నాకు తెలిసిన వైరాగ్యం ఇదే: తన తుఫానులో కొట్టుకుపోకుండా, తనని వదిలేయకుండా ఉండటం.

ఒక్క మాట. చేయి చేసుకుంటున్నా, ప్రాణాలకి ప్రమాదం ఉన్నా ఓర్చుకోమని నేను చెప్పను. అలాంటప్పుడు దూరం జరగడం పాపం కాదు. అలాగే గొడవపడిన ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ రీల్స్ చూసి ఈ పేరు తగిలించకండి. అది డాక్టర్ చెప్పాల్సిన మాట. చాలామంది వైద్యంతో, కాలంతో కుదుటపడతారు కూడా.

మీ ఇంట్లోనూ ఇలాంటి గాలి వీస్తుంటే దీపం పెట్టండి, దణ్ణం పెట్టుకోండి, 14416 టెలీ మానస్‌కి ఫోన్ కూడా చేయండి. మూడూ చేయొచ్చు.

శుభం. వచ్చే వారం కలుద్దాం.