గుడికి వెళ్లిన సైకియాట్రిస్టులు

దేవుణ్ణి లెక్కలోకి తీసుకోని వైద్యం భక్తుడి నమ్మకాన్ని గౌరవించగలదా? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు 2000లో తమిళనాడులోని ముత్తుస్వామి గుడికి వెళ్లి మరీ చూశారు.

మానసిక రోగులు ఇంటివాళ్లతో కలిసి అక్కడ ఉచితంగా ఉండేవారు. మందుల్లేవు. పొద్దున్నే చిన్న పూజ. ఆపైన గుడి ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం. పరిశోధకులు కుటుంబాలతో మాట్లాడారు, రోగులను వచ్చిన రోజూ వెళ్లే రోజూ పరీక్షించారు. 31 మందిలో లక్షణాల స్కోరు సగటున 20 శాతం దాకా తగ్గింది. పోల్చిచూసే మరో బృందం లేదు గనుక దీన్ని మహిమ అనేయడం తొందరపాటే.

అలాగని గౌరవమంటే కళ్లు మూసుకోవడమా? 2001 ఆగస్టులో తమిళనాడులోనే, నమ్మకం పేరిట రోగులను ఉంచే ఏర్వాడిలోని ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చనిపోయారు.

ముత్తుస్వామి గుడి సంగతి వేరు. దాని గురించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నిమ్హాన్స్ పరిశోధకుల నివేదిక, భయపెట్టని, ధైర్యమిచ్చే ఆ గుడి వాతావరణం వల్ల మేలు జరిగి ఉండవచ్చని అభిప్రాయపడింది.