మౌనయంత్రము - మెల్లని స్వరము

పఠనము: 1 రాజులు 19:9-13

తొలినాటి కంప్యూటరు గదిలో మనుష్యుని మాట వినబడుట కష్టముగా నుండెడిది. 1959లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన 1403 అచ్చుయంత్రము నిమిషమునకు 600 పంక్తులు ముద్రించుచు, సుత్తెల దెబ్బలతో గదినంతటిని మారుమ్రోగించెడిది. యంత్రములను చల్లార్చు పంకాల హోరు దానికి తోడయ్యెడిది. నేటి చేతిఫోనును కంప్యూటరే. అయినను అందు సుత్తెలు లేవు, పంకా లేదు. అది మౌనముగా పనిచేయును.

అయితే ఆనాటి పనివాడు తలుపు మూసి వెలుపలికి వచ్చినయెడల ఆ శబ్దము వెనుకనే నిలిచిపోయెడిది. ఈ మౌనయంత్రమో మనుష్యుని వెంట ఎల్లెడలకు వచ్చును. రాయపూరు టాటీబంధ్‌లో 2012లో ఆరంభమైన ఎయిమ్స్ వంటి ఆసుపత్రిలో, రోగి ప్రక్కన కూర్చున్నవాని కన్నులు ఆ చిన్న తెరపైనే నిలిచినయెడల, మంచము మీదినుండి వచ్చు సన్నని పిలుపు అతనికి వినబడునా? గది నిశ్శబ్దముగానే యున్నది. మనస్సు నిశ్శబ్దముగా లేదు.

హోరేబులో గాలియు, భూకంపమును, అగ్నియు దాటిపోయిన పిమ్మట ఏలీయా దేవుని మెల్లని స్వరమును వినెను; విన్నంతనే ముఖమును మరుగుచేసికొని గుహ ద్వారమునకు వచ్చెను. శబ్దము అణగుట మాత్రమే చాలదు. వినువాడు లేచి రావలెను. రోగి పిలుపు విని తెరను ప్రక్కన పెట్టువాడు ప్రభువు స్వరమునకును చెవియొగ్గ నేర్చుకొనును.